సీతాఫలానికి ఒక కొత్త చుట్టం

కొత్త మొక్క అంటే మొన్న మొలిచింది అనుకునేరు. అది ఎప్పట్నుంచో ఉంటుంది. శాస్త్రవేత్తల పుస్తకంలోకి ఎక్కదు, అంతే.

ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో ఎబో అనే అడవి ఉంది. అక్కడ 4 మీటర్ల ఎత్తు చెట్టు ఒకటి కనబడింది. మన సీతాఫలం కుటుంబమే, అనోనేసి. పూలు నిగనిగలాడుతూ పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటాయి. కొమ్మల చివర కాదు, పనసకాయల్లాగా మానుకే పూస్తాయి! ఎండబెట్టి దాచిన పాత నమూనాలతో పోల్చి చూశారు. దేనితోనూ కలవలేదు. 2022 జనవరిలో దాని వర్ణన అచ్చువేసి ఉవేరియాప్సిస్ డికాప్రియో అని పేరు పెట్టారు.

డికాప్రియో సినిమా నటుడు. 2020లో ఆ అడవిని కలప కోసం నరకాలని చూస్తే వద్దన్నాడు. ఆ ఆగస్టులో ప్రభుత్వం ఆపింది. 2023లో కొంత భాగం మళ్ళీ కలపకి తెరిచింది. వాళ్ళు చూసిన చెట్లేమో 50 లోపే!

ఆ అడవి బానెన్ జనం తాతల నాటి నేల. వాళ్ళలో చాలామంది కూడా నరకొద్దన్నారు. వాళ్ళ పేరు పెడితే బాగుండేదని నాకనిపించింది. మా తాత ప్రతి చెట్టునీ మా భాషలోనే పిలుస్తాడు. ఈ సెలవుల్లో ఆ పేర్లన్నీ నోట్సులో రాసుకొస్తాను. పోయినసారి పది రాసేసరికి పెన్ను అయిపోయింది.