హిప్నాటిజం అంటే చిల్లంగి కాదు

ఈసారి గోడపత్రికలో పాఠం నేనే రాస్తానని అడిగి తీసుకున్నాను. ఎందుకో మీ అందరికీ తెలుసు.

మొన్న మేజిక్ చేసే ఆయన వచ్చి, చివర్లో హిప్నాటిజం చూపిస్తానని నన్ను స్టేజీ మీదకు పిలిచారు కదా. "నీ చెయ్యి ఇనపకడ్డీ అయిపోయింది, వంగదు" అన్నారు. నిజంగానే వంగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నుంచే గొడవ. నేను ఇంకా ఆయన వశంలోనే ఉన్నానని, నా కళ్ళలోకి చూస్తే వాళ్ళకీ పడుతుందని ఎవరో అన్నారు. నా పక్క మంచాలు రెండూ ఖాళీ అయ్యాయి. రాత్రి కొబ్బరిమట్ట పడినా నా వల్లే అన్నారు. మలికిపురంలో కొబ్బరిమట్ట పడని రాత్రి ఉందా?

మాది మారేడుమిల్లి వైపు కొండమీద ఊరు. మేము కొండరెడ్లం. ఇలాంటి దాన్ని మా వైపు చిల్లంగి అంటారు. మా అమ్మమ్మ చెల్లెలికి ఆ మాట అంటగట్టి ఊరు విడిచి పొమ్మన్నారు. ఆమె మళ్ళీ రాలేదు. అందుకే నాకు భయం వేసి సైన్సు మేడంగారిని అడిగాను. ఆవిడ చెప్పినవి, పుస్తకంలో చదివినవి కలిపి రాస్తున్నాను.

హిప్నాటిజం అనగా నిద్ర కాదు. జేమ్స్ బ్రెయిడ్ అనే డాక్టరు 1843లో రాసిన పుస్తకంలో, నిద్ర అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వాడారు. తర్వాత ఆయనకే ఆ పేరు సరిపోలేదనిపించింది. ఆ స్థితిలో మనిషికి అన్నీ వినపడతాయి. మనసు మాత్రం ఒక్కదాని మీదే నిలబడుతుంది. సినిమా చూసేటప్పుడు పక్కవాళ్ళు పిలిచినా పలకం చూడండి, కొంచెం అలాంటిది. ఇది అందరికీ ఒకేలా పనిచేయదు. ఇష్టం లేని పని చెబితే మానేయవచ్చు. ఆ రోజు చెయ్యి వంచాలని నేనూ గట్టిగా ప్రయత్నించలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బ్రెయిడ్ కంటే ముందు మెస్మర్ అనే డాక్టరు, కంటికి కనపడని అయస్కాంత శక్తితో రోగాలు పోగొడతానని పారిస్‌లో పేరు పొందాడు. నిజం తేల్చమని 1784లో ఫ్రాన్సు రాజు కమిటీ వేశాడు. మెరుపులో ఉన్నది విద్యుత్తేనని చెప్పిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అందులో ఉన్నారు. మెస్మర్ శిష్యుడు తోటలో ఒక చెట్టుకు శక్తి ఎక్కించాడు. పన్నెండేళ్ళ అబ్బాయికి కళ్ళకు గంతలు కట్టి వేరే చెట్ల దగ్గరకు తీసుకువెళ్ళారు. నాలుగో చెట్టు దగ్గర వాడు స్పృహతప్పి పడిపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు! ఈ సంగతి నేను మూడుసార్లు చదివాను. మా ఊళ్ళో రాత్రిపూట ఎవరూ దగ్గరకు వెళ్ళని చింతచెట్టు గుర్తొచ్చింది.

చెట్టులో ఏమీ లేదు గానీ ఆ అబ్బాయి పడిపోవడం మాత్రం నిజం. నమ్మకానికి అంత బలం ఉంటే దాన్ని మంచికి వాడవచ్చు కదా. మన దేశంలోనే బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డయిల్ అనే డాక్టరు 1845లో, మత్తుమందులు ఇంకా రాకముందు, ఈ పద్ధతితోనే ఆపరేషన్లు చేశారు. క్లోరోఫాం వచ్చాక ఇది వెనకబడింది.

ఇప్పుడు దీనితో చేసే వైద్యాన్ని హిప్నోథెరపీ అంటారు. కాలిన పుండ్లకు కట్టు మార్చేటప్పుడు నొప్పి తగ్గడానికి, పన్ను పీకించుకునే భయానికి వాడతారు. కొందరికి ఎన్ని పరీక్షలు చేసినా రోగం కనపడదు, కడుపునొప్పి మాత్రం పోదు. అలాంటి 30 మందిపై మాంచెస్టర్ డాక్టర్లు పరీక్ష చేసి 1984లో ప్రకటించారు. హిప్నోథెరపీ తీసుకున్నవారికి మిగతావారికన్నా బాగా తగ్గింది. కళ్ళు మూసుకుని, నెమ్మదిగా ఊపిరి తీస్తూ, పొట్టమీద చెయ్యి వేసి ఆ వెచ్చదనం లోపలికి దిగుతున్నట్లు ఊహించుకోమంటారు. ఇందులో మంత్రం ఎక్కడుంది?

తెలుగువాళ్ళలో డాక్టర్ బి.వి. పట్టాభిరామ్ గారు కాకినాడలో చదువుకుని, మేజిక్ చేసి, హిప్నాటిజం ప్రదర్శనలిచ్చి, తెలుగులో చాలా పుస్తకాలు రాశారు. ఆయన 2025లో హైదరాబాదులో చనిపోయారు.

దీనితో మలేరియా తగ్గదు, సికిల్ సెల్ పోదు. జ్వరం వస్తే ముందు రక్తం తీయించుకోవాలి. పూర్వజన్మ గుర్తు చేయిస్తామనేవాళ్ళను కూడా నమ్మకండి, ఆ స్థితిలో జరగనివి కూడా జరిగినట్లే గుర్తొస్తాయట.

వార్డెన్ మేడంగారూ, ఎనిమిదో తరగతి చెల్లికి పరీక్షలప్పుడల్లా కడుపునొప్పి వస్తోంది, అందరూ నాటకం అంటున్నారు. దయచేసి డాక్టరుకు చూపించండి.

ఇంకా అనుమానం ఉన్నవాళ్ళు నన్నే వచ్చి అడగండి. కిటికీ వైపు మూడో మంచం నాది. పక్కవి రెండూ ఖాళీగానే ఉన్నాయి.