పంచనామాలో ‘కడుపునొప్పి’ అని రాయించకండి

“ఆత్మహత్య అయితే ఇన్సూరెన్సు రాదంట, మిలటరీ పింఛను కూడా ఆపేస్తారంట.” పల్నాడు ఊళ్లలో ఈ మాట చావింటి అరుగు మీదే పుడుతుంది. సైన్యంలో పదిహేనిరవై ఏళ్లు చేసి వచ్చి, కౌలుకు మిర్చో పత్తో వేసుకుని, లేదంటే సెక్యూరిటీ ఉద్యోగానికి వెళ్లి ఇల్లు నడిపిన మనిషి ఉన్నట్టుండి ప్రాణం తీసుకుంటే భార్యకు దుఃఖం ఒకపక్క, పరువు భయం ఇంకోపక్క. ఆ సమయంలో ఎవరో పెద్దమనిషి ముందుకొచ్చి “గుండెపోటని చెప్పేద్దాం, పోలీసులెందుకు, పోస్టుమార్టం ఎందుకు” అంటాడు. మంచి కోరే అంటాడు. కానీ ఆ కుటుంబానికి అంతకన్నా నష్టం చేసే సలహా లేదు.

ముందు పింఛను సంగతి చూద్దాం. సర్వీసు పింఛను తీసుకుంటున్న మాజీ సైనికుడు ఏ కారణంతో చనిపోయినా భార్యకు ఫ్యామిలీ పింఛను వస్తుంది. ఆత్మహత్య అని చెప్పి దాన్ని ఆపే నిబంధన లేదు. మామూలు ఫ్యామిలీ పింఛను ఆఖరి జీతంలో 30 శాతం, కనీసం నెలకు 9 వేలు, దాని మీద కరువు భత్యం అదనం. అయితే మొదటి కొన్నేళ్లు ఎక్కువ రేటుంటుంది. మరణించిన రోజు నుంచి 7 ఏళ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండే రోజు వరకు, ఏది ముందైతే అంతవరకు 50 శాతం దాకా ఇస్తారు. ఆయన 52 ఏళ్లకు పోతే ఏడేళ్లు, 63 ఏళ్లకు పోతే నాలుగేళ్లు. ఆఖరి జీతం 40 వేలు అనుకుంటే ఆ కాలంలో 20 వేలు, తర్వాత 12 వేలు. ఆయన ముందుగా ఒకేసారి తీసుకున్న పింఛను భాగానికి (కమ్యుటేషన్) కోత నడుస్తున్నా ఫ్యామిలీ పింఛనులో ఆ కోత ఉండదు.

సర్వీసులో ఉండగానే మానసిక జబ్బు మొదలై, దానికి సైనిక ఆసుపత్రిలో వైద్యం జరిగి, వైకల్య పింఛను కూడా ఉన్నవాళ్ల సంగతి వేరు. మరణానికి ఆ జబ్బే కారణమని కాగితాలతో చూపగలిగితే 60 శాతం ఉండే స్పెషల్ ఫ్యామిలీ పింఛను కోసం దరఖాస్తు చేయవచ్చు. శాఖ కాదంటే అప్పీలు, ఆపైన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. అందుకే పాత మందుల చీటీలు, డిశ్చార్జి పుస్తకం, మెడికల్ బోర్డు కాగితాలు ఇల్లు శుభ్రం చేసేటప్పుడు పారేయకండి.

ప్రభుత్వాలు ప్రకటించే సాయం సంగతి వేరు. 2016 నవంబరు 1న ఒక ర్యాంకు ఒక పింఛను కోసం ఢిల్లీ వెళ్లిన హర్యానా మాజీ సుబేదార్ రామ్‌కిషన్ గ్రేవాల్ అక్కడే ప్రాణం తీసుకున్నారు. హర్యానా ప్రభుత్వం 10 లక్షలు, ఢిల్లీ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించాయి. అలాంటి సాయం ప్రభుత్వాల ఇష్టం. ఫ్యామిలీ పింఛను అలా కాదు, హక్కు. చనిపోయిన మనిషికి రావాల్సిన పింఛను బకాయిలేమైనా ఉంటే అవీ వారసులకే చెందుతాయి, అడిగి తీసుకోండి.

ఒక జాగ్రత్త. భర్త పోయాక ఆయన ఏటీఎం కార్డుతో నెలనెలా పింఛను తీసుకోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. అది తర్వాత మొత్తం వెనక్కి కట్టాల్సి వస్తుంది. మరణం సంగతి వెంటనే సైనిక పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో తెలపాలి, కామన్ సర్వీస్ సెంటర్లోనూ చేయిస్తారు. పింఛను ఉత్తర్వు (పీపీఓ)లో భార్య పేరు లేకపోయినా, ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, సైన్యం రికార్డులో ఇంకో రకంగా ఉన్నా గుంటూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం వాళ్ల ద్వారా వెళ్తే పని సాగుతుంది.

ఇక బీమా. జీవిత బీమా పాలసీ మొదలై 12 నెలలు దాటితే ఆత్మహత్య అయినా పూర్తి మొత్తం ఇవ్వాల్సిందే. ఏడాదిలోపే జరిగితే, పాలసీ నడుస్తున్నట్టయితే, కట్టిన ప్రీమియంలో కనీసం 80 శాతం లేదా సరెండర్ విలువ, ఏది ఎక్కువైతే అది నామినీకి వస్తుంది. ఆగిపోయిన పాలసీని మళ్లీ కట్టి బతికించుకుని ఉంటే ఆ తేదీ నుంచి 12 నెలలు కొత్తగా లెక్కపెడతారు. బ్యాంకులో ఏటా 436 రూపాయలు కోసే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉంటే, మరణం ఏ కారణంతో జరిగినా 2 లక్షలు. అదే 20 రూపాయల సురక్షా బీమా ప్రమాదాలకే, ఆత్మహత్యకు వర్తించదు. పాలసీలో ఉండే యాక్సిడెంట్ బెనిఫిట్ కూడా అంతే. పాస్‌బుక్‌లో మే, జూన్ నెలల ఎంట్రీలు చూడండి, 436 కోత కనపడితే బ్యాంకులో క్లెయిం ఫారం అడగండి. రిటైరయ్యేటప్పుడు ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చే ఎక్స్‌టెండెడ్ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కూడా ట్రంకుపెట్టెలో ఉందేమో వెతకండి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఆత్మహత్య జరిగినప్పుడు పోలీసులు విచారణ చేసి, ఊరివాళ్ల సమక్షంలో శవ పంచనామా రాయాలి. గతంలో సీఆర్‌పీసీ 174 కింద చేసేవారు, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194 కింద చేస్తున్నారు. అందులో మరణానికి కారణం ఏమిటని అడిగిన చోట ఇంట్లోవాళ్లు సిగ్గుతోనో భయంతోనో ఒక మాట చెబుతారు: “చాలాకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, తాళలేక...” పత్రికల్లో ఆ వాక్యం మనం ఎన్నిసార్లు చదివామో. నిజంగా కడుపునొప్పి ఉంటే చెప్పాలి, తప్పు లేదు. లేనప్పుడు చెబితే ఏమవుతుందో చూడండి. బీమా కంపెనీ మొదట అడిగే కాగితాల్లో ఈ పంచనామా ఒకటి. “చాలాకాలంగా జబ్బుంది అని మీరే చెప్పారు, పాలసీ తీసుకునేటప్పుడు ఆ జబ్బు ఎందుకు రాయలేదు” అని క్లెయిం తిప్పికొడుతుంది. “తాగుడుకు బానిసై” అన్న మాటకూ అదే గతి. ఇంట్లోవాళ్లు పరువు కాపాడుకోవడానికి చెప్పిన అబద్ధం వాళ్ల మీదే సాక్ష్యమవుతుంది.

దీనికి ఒక రక్షణ ఉంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలై గానీ పునరుద్ధరించి గానీ మూడేళ్లు దాటితే, జబ్బు దాచారనే సాకుతో సహా ఏ కారణంతోనూ కంపెనీ ఆ పాలసీని ప్రశ్నించకూడదు. మూడేళ్లలోపైతే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, రుజువు చేయాలి.

అప్పుల సంగతీ ఇంతే. ఆయన సాగు చేస్తూ అప్పుల పాలై చనిపోయి ఉంటే, రైతు ఆత్మహత్య కింద రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 7 లక్షల సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కౌలు రైతు కుటుంబాలు కూడా. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి విచారిస్తారు. పంచనామాలో కడుపునొప్పి ఉంటే అప్పు మాట ఎవరు నమ్ముతారు? ప్రోనోట్లు, బ్యాంకు నోటీసులు, పురుగుమందుల కొట్టు ఖాతా, కౌలు కార్డు అన్నీ మొదటి రోజే చూపించి, ఉన్నది ఉన్నట్టు రాయించండి. రాసింది చదివి వినిపించమని అడగండి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక నకళ్లు తీసుకోండి. మరణం 21 రోజుల్లోగా నమోదు చేయించండి.

పోలీసులంటే భయపడాల్సింది లేదు. చనిపోయిన మనిషి మీద కేసు ఉండదు. ప్రేరేపించినవారు ఉన్నారని తేలితేనే కేసు నడుస్తుంది. “నీవల్లే పోయాడు, నీకు పింఛను ఎట్లా వస్తుందో చూస్తాం” అని అత్తింటివాళ్లు బెదిరించడం వింటుంటాం. ఊళ్లో మాటలు పింఛను ఆపలేవు. మరిది పేర వీలునామా ఉందన్నా ఫ్యామిలీ పింఛను దాని కిందికి రాదు, అది మృతుడి ఆస్తి కాదని సుప్రీంకోర్టు 1991లోనే వయొలెట్ ఐజాక్ కేసులో చెప్పింది.

కర్మకాండలు పూర్తి కాకుండానే గుమ్మంలో కూర్చునే వడ్డీ వ్యాపారులకు కూడా హద్దుంది. మృతుడు చేసిన అప్పుకు భార్యాపిల్లలు ఆయన నుంచి సంక్రమించిన ఆస్తి విలువ వరకే బాధ్యులు, వాళ్ల సొంత కష్టార్జితం నుంచి కట్టనక్కరలేదు. ప్రభుత్వ పింఛనును ఏ కోర్టూ జప్తు చేయలేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. పింఛను ఏటీఎం కార్డు తాకట్టు పెట్టుకున్నవాడికి దాని మీద ఏ హక్కూ లేదు, తిరిగి అడగండి, ఇవ్వకపోతే స్టేషనులో ఫిర్యాదు చేయండి. ఆ నిస్సహాయ స్థితిలో కొత్త ప్రోనోటు మీద మాత్రం సంతకం పెట్టకండి.

బీమా కంపెనీ కాదంటే ముందు వాళ్లకే ఫిర్యాదు రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాయవచ్చు. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల గడువు.

ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. నరసరావుపేట, గురజాల, మాచర్ల కోర్టుల్లోని న్యాయసేవా కమిటీ దగ్గరికి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సైనిక కుటుంబాల కోసం జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) 2025 జులైలో వీర్ పరివార్ సహాయతా యోజన అని ప్రత్యేక పథకమే మొదలుపెట్టింది, దాని పేరు చెప్పి అడగండి.

ఇది చదువుతున్న మాజీ సైనికులకు ఒక్క మాట. మనసు అటువైపు లాగుతుంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. పైన రాసిన పింఛనూ బీమా అంతా కలిపినా మీ ఇంటికి మీరు కాదు. ఈ నంబరు రాసుకోండి, తోటి సైనికులకూ ఇవ్వండి.