పెరటికోళ్ళకు వసతి

మన గ్రామములందు అయిదారు కోళ్ళయినను లేని పెరడు అరుదు. సెంటు భూమి లేని ఇంట సయితము కోడి యుండును. ఇల్లాలి చేతిలో నాలుగు డబ్బులు ఆడునట్లు చేయునది, పిల్లవాని పుస్తకమునకో పండుగనాటి రవికెగుడ్డకో ఎవరినీ అడుగకయే సొమ్ము సమకూర్చునది తరచుగా ఈ కోడియే. అయినను మేము గ్రామములలో గమనించిన దేమనగా, కోళ్ళకు గింజలు వేయువారు కలరు, మందు వేయించువారును కొందరు కలరు. కాని అవి రాత్రి యెక్కడ పండుకొనుచున్నవో యోచించువారు మిక్కిలి తక్కువ. చీకటి పడగనే గంపక్రింద మూయుట, లేదా అరుగు క్రింది గూటిలోనికి తోలి పలక అడ్డుపెట్టుట, అంతటితో పని ముగిసినదని తలంచుట పరిపాటియైనది.

ఒక ఇంటి సంగతి చెప్పెదము. ఆ యింటివారు పెరటిలో కఱ్ఱలతో గూడు కట్టి, ముందువైపు వల బిగించి, తలుపును కొబ్బరిత్రాటితో కట్టెడివారు. ఆరు నెలలు ఏ చిక్కును లేక గడచినవి. ఒకనాటి రాత్రి బావురుపిల్లి ఆ త్రాటిని లాగి వదులుచేసి లోపల జొరబడినది. తెల్లవారుసరికి గ్రుడ్లు పెట్టుచున్న పదకొండు పెట్టలలో తొమ్మిది చచ్చి పడియున్నవి. పిల్లి తినినది ఒక్కదానినే. తక్కినవానిలో కొన్ని దాని కాటుకు, కొన్ని బెదరి మూలకు చేరి ఒకదానిపై నొకటి పడి ఊపిరాడకయు చచ్చినవి. ఆ యిల్లాలు మరల కోళ్ళ జోలికి పోలేదు. తలుపునకు ఒక ఇనుపగడియ ఉండినచో ఆ నష్టము కలిగెడిది కాదు.

ఇది ఇంటివారి సొంతవిషయము గదా, పంచాయతీకి దీనితో నేమి పని యని సభ్యులు కొందరు అడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన 11వ షెడ్యూలును తిరుగవేసి చూచినచో, పంచాయతీలకు అప్పగింపదగిన అంశములలో నాలుగవది పశుసంవర్ధనము, పాడి, కోళ్ళపెంపకము అని కనబడును. అదియునుగాక, ఈగలనుగూర్చియు దుర్గంధమునుగూర్చియు ఇరుగుపొరుగువారు పెట్టుకొను తగవులు తుదకు వచ్చి చేరునది పంచాయతీ ముంగిటికే. గూడు సరిగా నున్నచో అట్టి తగవులలో సగము పుట్టనే పుట్టవు.

పది పెట్టలు, ఒక పుంజు గల ఇంటిని మాదిరిగా తీసికొందము. పగలంతయు పెరటిలో తిరుగు కోళ్ళకు రాత్రివేళ తలకొక చదరపుటడుగు చోటు చాలును. కాబట్టి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల గూడు ఆ పదకొండింటికి సరిపోవును. ముసురుపట్టి రెండు మూడు దినములు బయటికి వదలుటకు వీలుకాని ప్రాంతములలో మాత్రము తలకు రెండు చదరపుటడుగులు, అనగా 6 అడుగులకు 4 అడుగుల గూడు మేలు. కోడి స్వభావముచే నేలపై గాక కొమ్మపై నిదురించు పక్షి. గూటిలో దండెములు లేనిచో అవి తమ రెట్టలోనే పండుకొనును. తలకు 8 అంగుళముల చొప్పున పదకొండింటికి 88 అంగుళముల దండెము కావలెను. నాలుగడుగుల కఱ్ఱలు రెండు అడ్డముగా అమర్చినచో 96 అంగుళములు వచ్చును. గోడకును కఱ్ఱకును, కఱ్ఱకును కఱ్ఱకును నడుమ అడుగు చొప్పున ఎడముంచినచో మూడడుగుల వెడల్పు సరిగా సరిపోవును. కఱ్ఱలు రెండంగుళముల లావున, అంచులు గుండ్రముగా చెక్కబడి యుండవలెను. రెండును ఒకే యెత్తున నుండవలెను. ఒకటి పైకి, ఒకటి క్రిందికి కట్టినచో ప్రతి సాయంకాలమును పైకఱ్ఱ కొరకు పోరాటము తప్పదు. రాజేంద్రనగరమునందు భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన కోళ్ళ పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజ వంటి బరువైన జాతులను పెంచువారు దండెమును అడుగున్నర కంటె ఎత్తున కట్టరాదు. ఎత్తునుండి దూకుటచే ఆ కోళ్ళ పాదములు చెడి వాచును.

గాలి విషయమున మనవారు చేయు పొరపాటు తరచు ఒక్కటే. చలికి భయపడి గూటిని నలువైపుల మూసివేయుదురు. మన యెండల దేశమున కోడికి చలికంటె ఉక్కయే పెద్ద శత్రువు. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి ఒగర్చుట ద్వారానే అది వేడిని బయటికి పంపును. గూటిలో గాలి ఆడనిచో ఆ ఒగర్పు వలన పుట్టిన తేమ, రెట్టనుండి పుట్టిన ఘాటైన వాయువు లోపలనే నిలిచి, ఊపిరితిత్తుల జబ్బులకు త్రోవ తీయును. దీనిని పరీక్షించుట సులభము. ఉదయము తలుపు తెరచిన వెంటనే, కోడి యెంత యెత్తున నుండునో అంత యెత్తున వంగి ముఖము లోపల పెట్టి చూడుడు. కండ్లు మండినచో ఆ గూటికి గాలి చాలదని నిశ్చయింపవచ్చును. నిలువబడి వాసన చూచినవారికి ఇది తెలియదు. గూటి పొడవు తూర్పుపడమరలుగా నుండునట్లు నిలిపినచో ఎండ లోనికి చొరబడుట తగ్గును. గాలికంతలు కోడి తలకంటె ఎత్తున, కప్పునకు దిగువగా నుండవలెను. అప్పుడు వేడిగాలి పైకి పోవును, చలిగాలి సూటిగా కోళ్ళపై కొట్టదు. కప్పునకు తాటాకుగాని రెల్లుగాని మిక్కిలి అనుకూలము. రేకు తప్పనిసరియైనచో దానిపై వరిగడ్డి పరచవలెను. కనీసము వేసవికి ముందు సున్నమైనను పూయవలెను. చూరు ముందునకు బాగుగా చాచియుండనిచో జడివాన లోనికి కొట్టును.

గూడు నేలకు రెండడుగుల యెత్తున కాళ్ళపై నిలుచుట మేలు. అడుగును అరయంగుళము సందులతో వెదురుబద్దలు పరచి కట్టినచో రెట్ట క్రిందికి రాలును. పెద్దకోడి దినమునకు సుమారు వంద గ్రాముల రెట్ట వేయును. అందు రాత్రి పడినదెల్ల ఒకేచోట దొరకును. పశువుల పేడకంటె ఇది బలమైన ఎరువు. పచ్చిగా మొక్క మొదట వేసినచో వేడిచేసి మొక్కను చంపును గాన, పెంటకుప్పలో కలిపి మాగనిచ్చిన పిదపనే వాడవలెను. రెండు మూడు దినముల కొకసారి ఎత్తివేసినచో ఈగలు ముసరవు. నేలమీదనే గూడు కట్టువారు నాలుగైదు అంగుళముల మందమున ఊకగాని వేరుశనగపొట్టుగాని పరచి, అప్పుడప్పుడు తిరుగవేయుచు, తడిసినదానిని తీసివేయుచుండవలెను.

శత్రువుల మాటకు వత్తము. అంగుళము కంతల వల కోడిని లోపల నిలుపును గాని పామును, ఎలుకను, పిల్లముంగిసను బయట నిలుపదు. అరయంగుళపు వల కొంత ప్రియమైనను అదియే కొనవలెను. కాళ్ళకు నడుమ తలక్రిందులుగా రేకుగరాటులు తొడిగినచో ఎలుక పైకి ఎక్కజాలదు. కాళ్ళక్రింద నీటిమూకుళ్ళు పెట్టినచో చీమలు రావు. గ్రుడ్లను సాయంకాలము దాక వదలివేయుట పాములకు విందు పెట్టుటయే. పెట్టలు అయిదింటికి ఒకటి చొప్పున, అడుగు పొడవు, అడుగు వెడల్పు గల గ్రుడ్లపెట్టెను దండెముకంటె దిగువగా, చీకటిమూలలో అమర్చవలెను. ఎత్తుగా నున్నచో కోళ్ళు దానిలోనే నిదురించి పాడుచేయును. తలుపునకు గడియ మాట ముందే చెప్పియున్నాము.

పాత అరుగుగూళ్ళను మేము మెచ్చకపోవుటకు ముఖ్యకారణము వేరొకటి కలదు. మట్టిగోడల పగుళ్ళలో పగలెల్ల దాగియుండి రాత్రి వెలువడి నెత్తురు పీల్చు గోమార్లు అందు చేరును. పగలు కోడిని పట్టి చూచినవారికి అవి కనబడవు. కోడి పాలిపోవును, గ్రుడ్లు తగ్గును, కారణము తెలియదు. దీపము పట్టుకొని నడిరేయి గూటిలో వెదకిన నిజము బయటపడును. ఎక్కడి పగుళ్ళక్కడ పూడ్చి, సున్నము కొట్టుచుండుటయే మందు. ఒక గ్రామమున ఎంతో ఖర్చుతో కట్టిన సిమెంటుగూళ్ళను చూచితిమి. గోడలు నున్నగా నున్నవి గాని, చేయి పట్టునంత తలుపే పెట్టినందున లోపల ఊడ్చుటకు వీలులేక స్త్రీలు వానిని పుల్లలు దాచుకొనుటకు వాడుచుండిరి. గూటిని ఊడ్చువారు స్త్రీలు. నమూనా నిర్ణయించినవారు పురుషులు. ఒకవైపు గోడ పూర్తిగా తెరచుకొనని గూడు ఎంత గట్టిదైనను గూడు కాదు. 2005 నాటి ఉపాధిహామీ చట్టపు పనులలో కోళ్ళవసతికిని చోటు లభించినది. ఇట్టి పథకముల నియమములు మారుచుండును గాన, సభ్యులు మండల కార్యాలయమున విచారించిన పిదపనే ఎవరికైనను మాట ఇయ్యవలెను. నమూనాను ఖాయపరచుటకు ముందు పెంచువారినే పిలిచి అడుగవలెను.

ఎంత మంచి గూడైనను కొక్కెర తెగులును ఆపజాలదు. దానికి టీకాయే శరణ్యము. పిల్లలకు 5 మొదలు 7 దినముల వయస్సున కంటిలో చుక్కమందు, ఆరు నుండి ఎనిమిది వారములకు సూదిమందు వేయింపవలెను. మందుసీసా ఒకటి సామాన్యముగా వందకోళ్ళకో అంతకు మించియో వచ్చును. కలిపిన తరువాత రెండు గంటలలోగా వాడవలెను. పదికోళ్ళ యిల్లాలు ఒక్కతె వెళ్ళి అడిగిన, తక్కిన తొంబది మోతాదులు వ్యర్థము. కావుననే పశువైద్యసిబ్బందితో మాట్లాడి, వాడకు ఒక దినము నిర్ణయించి, ముందునాడే చాటింపు వేయించుట పంచాయతీ చేయదగిన పని. కోళ్ళన్నియు గూళ్ళలో నుండు తెల్లవారుజామే దానికి తగిన వేళ. ఒకసారి వదలిన పిదప పట్టుట ఎవరి తరమును కాదు. సంతనుండి తెచ్చిన కోడిని పదునైదు దినములు వేరుగంపలో నుంచి చూచిన తరువాతనే గూటిలో కలుపవలెను.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో పక్షిజ్వరము బయలుదేరినప్పుడు పరిసరగ్రామములు ఎంత కలతపడినవో సభ్యులకు జ్ఞప్తి యుండును. కోళ్ళు ఉన్నట్లుండి వరుసగా చచ్చుచో వానిని కాలువలోనో చెరువులోనో పారవేయనీయక, చేతులతో తాకనీయక, వెంటనే పశువైద్యునికి కబురుపంపవలెను. ఆయన చెప్పినచోట లోతుగా గుంటతీసి, సున్నము చల్లి పూడ్చవలెను. గుంటకు తగిన స్థలము బావులకు దూరముగా, మెరకలో, ముందే చూచి పెట్టుకొనుట మేలు.

క్రొత్తగూటికి అలవాటుపడుటకు కోళ్ళను మొదటి మూడు నాలుగు దినములు బయటికి వదలక లోపలనే మేతయు నీరును పెట్టవలెను. పిదప వదలినచో ప్రొద్దుగూకు వేళకు అవియే తిరిగివచ్చును. గడియ వేయుటకు ముందు లెక్కించుట మాత్రము మరువరాదు.