కాలు కడిగే పని

అమ్మడూ,

సబ్‌సెంటర్‌లో చేరీ చేరగానే బోదకాలు వాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి "కాలు తగ్గే ఇంజక్షన్ ఉందా తల్లీ" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచడం లేదని రాశావు. లేదనే చెప్పు. మెత్తగానే చెప్పు గానీ, లేదనే చెప్పు. ఆశపెట్టి పంపితే ఊరూరా తిరిగి ఉన్న నాలుగు రాళ్లూ పోగొట్టుకుంటారు. కాలు ఇంకా పెరగకుండా చూసుకునే దారి మాత్రం ఉందని, అది ఇంట్లోనే ఉందని కూడా ఆ నోటితోనే చెప్పు.

క్యూలెక్స్ దోమ ఎక్కించిన ఫైలేరియా పురుగు లింఫు నాళాల్లో ఏళ్ల తరబడి ఉండి వాటిని పాడుచేస్తుంది. దానికిచ్చే డీఈసీ మాత్ర ముఖ్యంగా రక్తంలో తిరిగే పిల్ల పురుగుల్ని చంపుతుంది. అవి దోమ ద్వారా ఇంకొకరికి పాకకుండా ఉండాలనే 2004 నుంచి మన దేశంలో ఊళ్లకు ఊళ్ల చేత ఈ మాత్రలు మింగిస్తున్నారు. పాడైన నాళాన్ని మాత్ర బాగుచెయ్యలేదు. మురుగుకాలువ పూడిన చేలో నీరు నిలిచినట్టు కాల్లో లింఫు నిలిచిపోతుంది. అలాంటి కాలికి వేళ్ల సందు కాస్త పాసినా చాలు, సూక్ష్మక్రిములు లోపలికి దూరతాయి. చలిజ్వరం రావడం, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, కాలు ఎర్రగా కాగిపోవడం ఎక్కువగా వాటి వల్లే. చాలాకాలం ఆ జ్వరం పురుగు వల్లే వస్తుందనుకునేవారు. చర్మం మీది పుళ్లూ పగుళ్లే దానికి దారి ఇస్తున్నాయని గట్టిగా చెప్పినవాళ్లలో బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో పనిచేసిన జెరూసా డ్రేయర్ అనే డాక్టరమ్మ ఒకరు. జ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. అందుకే ఆ జ్వరాన్ని ఆపడమే అసలు వైద్యం.

దానికి కావలసింది మామూలు సబ్బు, చన్నీళ్లు, ఓపిక. టబ్బూ మగ్గూ చేతికిచ్చి "రోజూ కడుక్కో" అని పంపేస్తే ఆ టబ్బులో బట్టలు నానతాయి. మొదటిసారి నువ్వే కింద కూర్చుని కడుగు. మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందికి రా. మడతలు విప్పి విప్పి కడుగు. వేళ్ల సందుల్లోకి గుడ్డ పీలిక పోనియ్యి. గట్టిగా రుద్దకు. పోసిన నీళ్లు తేటగా వచ్చేదాకా పొయ్యి. ఆ తర్వాత పొడి గుడ్డతో అద్దు, చెమ్మ ఎక్కడా మిగలకూడదు. సందులు పాసి ఉంటే డాక్టరుగారు రాసిన పూత మందు రాయి. ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్లు కూడా ముట్టని కాళ్లు అవి తల్లీ. నీ చెయ్యి పడితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. తొందరపడి లేవకు. కడగడం ఇంట్లో ఒక మనిషికి కూడా నేర్పు, వంగలేని ముసలివాళ్లకు వాళ్లే దిక్కు.

కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోమను, చీలమండ తిప్పమను, చెప్పుల్లేకుండా గడప దాటొద్దను. వాపుకు ఒత్తిడి కట్టు కట్టడం మాత్రం నేర్చినవాళ్ల దగ్గర నేర్చుకునే మొదలుపెట్టు. జ్వరం ఉన్న రోజుల్లో కట్టూ వద్దు, వ్యాయామమూ వద్దు. తడిగుడ్డ, పారాసిటమాల్, మంచినీళ్లు, విశ్రాంతి. యాంటీబయాటిక్ కోసం డాక్టరు దగ్గరికి పంపు. నీరు దిగే మాత్రలు ఈ వాపుకు పనికిరావు. కొనుక్కుని వేసుకుంటుంటే మాన్పించేముందు గుండెకో కిడ్నీకో రాశారేమో చీటీ చూడు.

కేరళలో కాసరగోడులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ వాళ్లు ఈ శుభ్రతకు కట్టు, ఆయుర్వేదం, యోగా కలిపి బాగా పెరిగిన కాళ్లను కూడా తగ్గిస్తున్నారు. వీలున్నవాళ్లకు ఆ సంగతి చెప్పు.

ఇక నువ్వు రాసిన హోటల్ వంటమనిషి సంగతి. అతనిది బోదకాలు కాదనిపిస్తోంది నాకు. పొద్దున్నకి వాపు తీస్తోందన్నావు, పిక్క మీద సిరలు మెలికలు తిరిగాయన్నావు, చీలమండ లోపలివైపు నల్లబడి పుండు పడిందన్నావు. గంటల తరబడి నిలబడే పని. ఇవన్నీ వెరికోస్ వెయిన్స్ లక్షణాలే. కాలి రెండో వేలి మొదట్లో చర్మాన్ని పట్టి పైకెత్తి చూడు. లింఫు వాపు ముదిరితే అది చేతికి దొరకదు. దొరికినంత మాత్రాన బోదకాలు కాదని తేల్చెయ్యకు గానీ. సిరల పుండుకు ఒత్తిడి కట్టే పెద్ద మందు. కానీ అతను చుట్ట కాలుస్తాడనీ షుగరుందనీ కూడా రాశావు. పాదం మీద నాడి అందుతుందో లేదో చూడకుండా కట్టు బిగించొద్దు. ధమనులు సన్నబడిన కాలికి బిగువు కట్టు కడితే రక్తం అందక కాలికే ముప్పు. ఈ వారమే ఏరియా ఆసుపత్రికి పంపి డాప్లర్ తీయించు. రిపోర్టు రాగానే నాకు రాయి.

మీ పెద్దమ్మ