కంప్యూటర్ పవర్ బటన్: పని తీరు, మరమ్మతు

హాస్టల్ కంప్యూటర్ గదిలో ఒక మిషన్ మూలపడిందంటే, వంతు కోసం ఎదురుచూసే విద్యార్థుల వరుస అంత పెరిగినట్టే. కొన్నిసార్లు కారణం ప్రాసెసరో, హార్డ్‌డిస్కో కాదు. నొక్కి నొక్కి అరిగిపోయిన చిన్న పవర్ బటన్. దాని కోసం మొత్తం పెట్టె పాత సామాను కింద పోకూడదు. అందుకే ఆ బటన్ ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎలా మార్చుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బటన్ చేసే పని

మనం వాడుకలో సీపీయూ అనే పెట్టె అసలు పేరు క్యాబినెట్. సీపీయూ అంటే లోపలుండే ప్రాసెసర్ మాత్రమే. పాత ఏటీ రకం క్యాబినెట్లలో 230 వోల్టుల కరెంటు నేరుగా ముందున్న స్విచ్ దాకా వచ్చేది. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ పద్ధతిని తెచ్చింది. ఇందులో బటన్‌కు ఆ కరెంటు రాదు. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ ఊదారంగు తీగ ద్వారా మదర్‌బోర్డుకు 5 వోల్టులు అందిస్తుంది. బటన్ నొక్కితే బోర్డు మీది రెండు పిన్నులు క్షణకాలం కలుస్తాయి. అప్పుడు బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది, ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా పనిలోకి దిగుతుంది. బటన్ కాలింగ్ బెల్ లాంటిదన్నమాట: తలుపు తెరవదు, లోపలికి కబురు చెబుతుంది.

కాబట్టి నొక్కి వదిలితే వెనక్కి వచ్చే స్విచ్చే కావాలి. గోడ మీది లైటు స్విచ్ బిగిస్తే పిన్నులు కలిసే ఉండిపోతాయి. సుమారు 4 సెకన్లు అలా కలిసి ఉంటే బోర్డు మిషన్‌ను బలవంతంగా ఆపేస్తుంది.

చేయవలసిన క్రమం

1. వార్డెన్ గారి అనుమతి తీసుకుని, ప్లగ్గు పూర్తిగా పీకాలి.

2. పక్క రేకు తీసి, బోర్డు అంచున పవర్, రీసెట్ తీగలు తగిలించిన పిన్నులను గుర్తించాలి.

3. పవర్ తీగ తీసి, ఆ పిన్నులకు రీసెట్ తీగ తగిలించాలి. తర్వాత ప్లగ్గు పెట్టి రీసెట్ బటన్ నొక్కాలి. మిషన్ వెలిగితే తప్పు పవర్ బటన్‌దే. రీసెట్ బటన్‌నే పవర్ బటన్‌గా వాడుకుంటే పైసా ఖర్చు లేదు. వెలగకపోతే లోపం వేరేచోట ఉంది.

4. కొత్తది పెట్టదలిస్తే కాలింగ్ బెల్ నొక్కుడు స్విచ్ కూడా సరిపోతుంది. మళ్ళీ ప్లగ్గు పీకి, పాత తీగను పిన్నుల వైపు కొనతో సహా ఉంచి, బటన్ దగ్గర కత్తిరించాలి. రెండు కొసలను కొత్త స్విచ్‌కు సోల్డర్ చేసి టేపు చుట్టాలి. స్విచ్ తీగలు ఎటు తగిలించినా ఒకటే.

5. రంధ్రం చేయాలంటే ముందు భాగాన్ని విడిగా ఊడదీసి బయట డ్రిల్ చేయాలి. ఇనుప రజను బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. అంచులు ఆకురాయితో నున్నగా చేయాలి.

దీపం పెట్టాలంటే

హార్డ్‌డిస్క్‌కు వెళ్ళే పాత రకం నాలుగు తీగల కనెక్టర్‌లో ఎరుపు తీగ 5 వోల్టులు, నలుపు గ్రౌండు. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. మిగిలిన 3 వోల్టులను 0.01 ఆంపియర్‌తో భాగిస్తే 300 ఓములు. మనం చదివిన ఓమ్ నియమం ఇదే. దుకాణంలో 330 ఓముల రెసిస్టర్ దొరుకుతుంది. ఎల్‌ఈడీ పొడవు కాలు ప్లస్ వైపు ఉండాలి; తిరగేస్తే వెలగదు.

ముట్టరానివి

ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ముందు స్విచ్‌కు ఎస్‌ఎంపీఎస్ నుంచి లావుపాటి తీగ నేరుగా వస్తుంటే అది ఏటీ రకం. దాన్ని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయాలి.

సీనియర్లు ఒకసారి దగ్గరుండి చేసి చూపితే జూనియర్లు మరోసారి సొంతంగా చేస్తారు. మూలపడిన ఒక్క మిషన్ మళ్ళీ వెలిగినా, మన వరుసలో ఒకరికి వంతు ముందుగా వస్తుంది.