ఇంటికి తగ్గ కిటికీ: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది కోనసీమలో తాతగారు కట్టిన మండువా లోగిలి. పై జత, కింది జత తలుపులున్న టేకు కిటికీలు, ఇనప ఊచలు. కొన్నింటికి అడుగున చెక్క పుచ్చింది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి అన్నీ పీకించేసి తెల్ల యూపీవీసీ స్లైడింగ్ కిటికీలు పెట్టిద్దామంటున్నాడు. దోమలు రావు, ఏటా రంగులు వేసే పనుండదు అంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: పీకించకండి. అబ్బాయి చెప్పిన రెండు మాటలూ నిజమేనండి. కానీ ఆ కిటికీ మీకు చేసిపెట్టే పనులు ఇంకా ఉన్నాయి. కింది జత మూసి పై జత తెరిస్తే, వీధిలో పోయేవాళ్ల కంట పడకుండా గదిలోకి గాలీ వెలుతురూ వస్తాయి. మధ్యాహ్నం చాప మీద నడుం వాల్చిన మనిషికి గాలి తగలాలంటే కింది జత తెరవాలి. వీధి వైపు నుంచి వచ్చిన గాలి గది దాటి మండువాలోకి వెళ్లి పైకి పోతుంది. ఆ ఇల్లు నిలబడింది ఈ ఏర్పాటు మీదే. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది.

లెక్క వేసి చూడండి. కొత్త ఇళ్ల కోసం 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత, వేడీ తేమా కలిసిన మీలాంటి తీరప్రాంతాల్లో తెరుచుకునే వైశాల్యం కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం ఉండాలంటుంది. బయటికి తెరుచుకునే తలుపులూ కలుపుకొని ఇల్లు మొత్తానికి చెప్పిన లెక్క అది. అయినా ఒక గదికి పట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. 10 అడుగులకు 12 అడుగుల గదికి 20 చదరపు అడుగులు కావాలి. మూడడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు ఉన్న కిటికీలు రెండు బార్లా తెరిస్తే 27. అవే స్లైడింగ్ అయితే పదమూడున్నరకు మించదు. తక్కిన లోటు ఏసీ బిల్లులో కనిపిస్తుంది.

మరమ్మతు సంగతి. పుచ్చిన మేరకే కోసి, పాత టేకు ముక్క అతికించగల వడ్రంగిని పట్టుకోండి. పాత ఇళ్లు కూల్చిన కలప అమ్మే అడితీల్లో ఆ చెక్క దొరుకుతుంది. చెదలు ఉన్నాయేమో ముందే గోడ వైపు కూడా తట్టి చూడమనండి. అడుగు చెక్క మీద వాన నీళ్లు నిలవడం వల్లే సాధారణంగా అది పుచ్చుతుంది, కాబట్టి నీళ్లు బయటికి జారేలా వాలు పెట్టించకుండా అతుకు వేస్తే డబ్బు దండగ. దోమలకు మెష్ పెట్టించండి. కిటికీ తలుపులు లోపలికి తెరుచుకుంటే మెష్ బయట, బయటికి తెరుచుకుంటే లోపల. లోపల పెట్టేటప్పుడు దాన్నీ బందుల మీద తలుపులా చేయించాలి, లేకపోతే గెడ తీయడానికి చెయ్యి వెళ్లదు. మరీ పాడైన ఒకటి రెండు కిటికీలు మార్చక తప్పకపోతే అదే కొలత, అవే రెండు జతలు, అవే ఊచలు.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో 1950ల నాటి ఇల్లు మాది. గుండ్రటి మూల బాల్కనీ, పొడవాటి సన్‌షేడ్లు, సన్నటి ఇనప ఫ్రేముల కిటికీలు. తుప్పు పట్టాయి, రోడ్డు చప్పుడు భరించలేకపోతున్నాం. ఏ రకం పెట్టించాలి?

జవాబు: మీది ఆర్ట్ డెకో ఛాయలున్న ఇల్లు. ఆ పద్ధతి అందమంతా అడ్డగీతల్లో ఉంటుంది. సన్‌షేడు అంచు, బాల్కనీ పట్టీ, కిటికీలో అడ్డంగా వెళ్లే సన్నని కడ్డీలు, అన్నీ ఒకే మాట చెబుతాయి. యూపీవీసీలో చట్రమూ తలుపూ కలిపి ఒక్కో పక్క వంద మిల్లీమీటర్ల దాకా మందం వస్తుంది. నాలుగడుగుల కిటికీకి రెండు తలుపులు పెడితే, మధ్యలో కలిసే చోటుతో కలుపుకొని వెడల్పులో దగ్గరదగ్గర మూడో వంతు ప్లాస్టిక్కే. మీ ఇంటికి అది నప్పదు.

తుప్పు పైపైనే ఉంటే గీకించి, జింక్ ప్రైమర్ కొట్టించి, ఎండిపోయిన లప్పం తీసి కొత్తది పెట్టించండి. ఇనుము తినేసి ఉంటే పౌడర్ కోటింగ్ చేసిన సన్నరకం అల్యూమినియం తీసుకోండి. అడ్డకడ్డీలు పాత చోటే రావాలని కొటేషన్‌లోనే రాయించుకోండి. చప్పుడు గాజులోంచి కన్నా సందుల్లోంచి ఎక్కువగా దూరుతుంది. అందుకే రబ్బరు గాస్కెట్ మీద బిగుసుకునే తలుపు కిటికీ, స్లైడింగ్ కన్నా మేలు. రోడ్డు వైపు మాత్రం లామినేటెడ్ గాజు వేయిస్తే చాలు, ఇల్లంతా అక్కర్లేదు.

ప్రశ్న: అమెరికాలో, న్యూజెర్సీలో 1960ల నాటి కలోనియల్ ఇల్లు కొన్నాం. చిన్నపిల్లలున్నారు. కిటికీలు మార్చాలి. ఆధునికంగా ఉంటుందని కాంట్రాక్టరు పెద్ద ఒంటి గాజు కిటికీలు చూపిస్తున్నాడు.

జవాబు: ముందు పిల్లల సంగతి. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం కలిసిన రంగు ఉండే అవకాశం ఉంది. పాత కిటికీ పీకితే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది. అందుకు అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరుకే పని ఇవ్వండి. ఆ మాట ఎత్తగానే మాట మార్చేవాడైతే ఇంకొకరిని చూసుకోండి.

ఇక రూపం. కలోనియల్ ఇంటి ముఖంలో తలుపు మధ్యన, రెండు పక్కలా సమానంగా నిలువు కిటికీలు ఉంటాయి. పైకీ కిందికీ జరిగే డబుల్ హంగ్ దానికి సహజం. గాజును చిన్న గళ్లుగా విడదీసే పట్టీలు రెండు గాజుల మధ్య ఇరికించినవైతే దూరం నుంచి చదునుగా, గీసినట్టు కనిపిస్తాయి. గాజుకు బయటా లోపలా అతికించినవి అడగండి. ఖర్చు ఎక్కువే. వీధి వైపు వాటికి పెట్టి, వెనక వైపు మానేయండి. పాత చట్రం గట్టిగా ఉంటే అందులోనే కొత్త కిటికీ కూర్చోబెట్టవచ్చు, కానీ గాజు వైశాల్యం కొంత తగ్గుతుంది.

పడకగదుల్లో అగ్నిప్రమాద వేళ బయటపడే దారిగా కిటికీ ఉపయోగపడాలన్నది అక్కడి నియమం. ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ సాధారణంగా అడిగేది తెరిచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ. డబుల్ హంగ్‌లో సగమే తెరుచుకుంటుంది కాబట్టి ఆర్డరు ఇవ్వకముందే కొలిపించి, స్థానిక అధికారుల దగ్గర సరిచూసుకోండి.

ప్రశ్న: అపార్ట్‌మెంటులో మా ఒక్క ఫ్లాటుకే నల్ల ఫ్రేముల కిటికీలు పెట్టించుకోవచ్చా?

జవాబు: బయటి గోడ మీ ఒక్కరిది కాదు, అసోసియేషన్‌ను అడగాలి. వాళ్లు ఒప్పుకోకపోతే బయట తెలుపు, లోపల ముదురు రంగు లామినేషన్ ఉన్న యూపీవీసీ దొరుకుతుంది. ధర కొంచెం ఎక్కువ.