యాసంగి దమ్మునకు రెండవ ట్రాక్టరు

పాత వరంగల్లు జిల్లాలో వరి పండించు కర్షకునకు ఏటా రెండుమార్లు దమ్ముకాలము వచ్చును: వానకాలపు పంటకు ఒకటి, యాసంగికి ఒకటి. పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల క్రిందనేమి, బావుల క్రిందనేమి, మనము కరిగెట యనెడి ఈ పని కొలది దినములలోనే ముగియవలెను. నారు ముదిరిన పిదప యంత్రము దొరికినను ఫలము స్వల్పము. కావున ఇంట మంచి ట్రాక్టరున్న రైతు సైతము దానిని బురదలో దింపుటకు జంకి, దమ్ముకొఱకే చవుకగా ఒక పాత ట్రాక్టరును కొనదలచుట కలదు. ఈ యాలోచన యెప్పుడు లాభకరమో, యెప్పుడు అప్పులకు దారితీయునో ఈ పాఠమున విచారింతుము.

బురద చేయు కీడు

మంచు కురియు దేశములలో బాటలపై పేరుకొన్న మంచు కరగుటకు ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీటికి బండి అడుగుభాగము త్రుప్పుపట్టును గనుక, కొందఱు మంచి కారును ఇంట నుంచి చలికాలమునకు చవుక కారొకటి వాడుదురు. మన కరిగెట బురద ఆ ఉప్పునకు తీసిపోదు. ముందు చక్రముల సీళ్లు అరిగినచో బురదనీరు బేరింగులలో జొచ్చి వానిని తినివేయును. వెనుక ఇరుసు సీళ్లు చెడినచో నూనెలో నీరు కలియును. దమ్ముచక్రములు తొడిగి రోటవేటరు నడపునపుడు ఇంజనుకును క్లచ్చికిని గంటల తరబడి విరామములేని భారము. రేడియేటరుకు గడ్డియు బురదయు అంటుకొని వేడి హెచ్చును.

అయితే ఈ కీడు పాతబండిని విడిచిపెట్టదు. దాని సీళ్లు ముందే అరిగియుండును గనుక దానికే త్వరగా కలుగును. కావున మొదట నడుగవలసిన ప్రశ్న ఇది: మంచిబండినే దమ్ములో నడిపి, ఋతువు ముగిసిన వెంటనే సీళ్లు, గ్రీజు, నూనె మార్పించుటకు ఎంత వ్యయమగును? అది రెండవ బండి పోషణకంటె తక్కువయైనచో విచారణ అచ్చటనే ముగిసినది.

లెక్క చూచు విధము

చవుక యనగా కొన్ననాటి ధర మాత్రమే కాదు. ఉదాహరణకు, పాత ట్రాక్టరు ధర 2,00,000 రూపాయలు, తొలి మరమ్మతు 50,000 రూపాయలు అనుకొందము. అయిదేండ్ల తరువాత దానిని 1,00,000 రూపాయలకు అమ్మినచో తఱుగుదల 1,50,000, అనగా ఏటికి 30,000. పెట్టుబడి 2,50,000 పై నూటికి పది వడ్డీ చొప్పున 25,000. బీమా, ఏటేట మరమ్మతులు కలిసి 25,000 అనుకొన్నచో, బండి కదలినను కదలకున్నను ఏటికి 80,000 రూపాయలు వ్యయమగును.

ఊరిలో అద్దె గంటకు 1,200 రూపాయలు అనుకొని, అందులో డీజిలుకును డ్రైవరుకును 600 తీసివేసినచో, సొంతబండివలన గంటకు మిగులునది 600. రెండు ఋతువులకు 100 గంటలు మాత్రమే నడిచిన బండి ఏటికి 20,000 నష్టము తెచ్చును. 200 గంటలు నడిచినది 40,000 లాభము తెచ్చును. ఇంచుమించు 133 గంటలకు లాభనష్టములు సమమగును. ఎకరమునకు దమ్మంతయు మూడు గంటలనుకొన్నచో, అది ఏటికి 44 ఎకరములు, అనగా పంటకు 22 ఎకరములు. ఈ అంకెలు దారి చూపుటకు మాత్రమే. పాఠకులు తమ ఊరి ధరలను వేసికొని లెక్క తిరుగ గట్టవలెను. అయిదెకరముల రైతు ఒంటరిగా కొనదగిన వస్తువు కాదని మాత్రము దీనివలన స్పష్టము. నలుగురైదుగురు కూడి కొనుట, లేదా సంఘము ద్వారా అద్దెకు ఏర్పాటుచేసికొనుట అట్టివారికి మేలు. 1956లో స్థాపితమైన ముల్కనూరు సహకార సంఘము మన ప్రాంతముననే యుండగా, కూడి చేసిన పని నిలువదనుటకు తావు లేదు.

బండిని పరీక్షించుట

చూడబోవుదినమున ఇంజను చల్లగా నుండవలెనని ముందే చెప్పి, పోయినవెంటనే దానిపై చేయి పెట్టి చూడవలెను. ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన రోగమును దాచును. నీలిపొగ విడువక వచ్చినచో ఇంజను నూనెను త్రాగుచున్నదని అర్థము. నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినది. నాగలినో రోటవేటరునో పైకెత్తించి ఇంజను ఆపవలెను. అది వెంటనే దిగిపోయినచో లిఫ్టు బలహీనము. ముందు చక్రమును పైకెత్తి ఊపి వదులు చూడవలెను. గంటలు చూపు మీటరును నమ్మరాదు. తొక్కుడు పలకల అరుగుదలయే నిజము చెప్పును. తుదకు పొలములో, పనిముట్టు తగిలించి, అరగంట నడిపింపక బయానా ఇయ్యరాదు.

కాగితములు

ఛాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను ఆర్.సి.తో సరిపోల్చవలెను. ఏ.పి. 36 గుర్తు గల బండి 2014 జూనుకు పూర్వము మన జిల్లాలో నమోదైనది. సేద్యపు ట్రాక్టరు నమోదు 15 ఏండ్లకు చెల్లును. పిదప తనిఖీ చేయించి అయిదేండ్లకు పొడిగించుకొనవలెను. కావున గడువెప్పుడు తీరునో తెలిసికొనియే ధర మాటాడవలెను. ఆర్.సి.లో బ్యాంకు అప్పు గుర్తున్నచో, బ్యాంకు పత్రమును, ఫారము 35ను తీసికొననిదే సొమ్ము చెల్లింపరాదు. ఇతర రాష్ట్రపు బండికి అచ్చటి రవాణాశాఖ నిరభ్యంతర పత్రము కావలెను.

ఫారములు 29, 30 పై సంతకములు చేయించుకొని పెట్టెలో దాచుట చాలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రములో అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రవాణాశాఖకు తెలుపవలెను. పేరు మారకున్నచో, ప్రమాద పరిహారమునకు నమోదైన యజమానియే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పుచెప్పినది. కావున పేరు మార్పు కొన్నవానికంటె అమ్మినవానికే యెక్కువ రక్ష. బీమా పత్రమును గూడ 14 దినములలో తన పేర మార్చుకొనవలెను.

ప్రాణరక్షణ

బురదలో దిగబడిన ట్రాక్టరును వెనుక చక్రములకు దుంగ కట్టి ముందుకు నడుపరాదు. చక్రము తిరుగలేనపుడు ముందుభాగము లేచి, బండి వెనుకకు బోర్లపడి నడుపువానిని నలిపివేయును. బురద త్రవ్వి, వేఱొక బండిచే మెల్లగా లాగింపవలెను. పాత బండి బ్రేకులు రెండువైపుల సమముగా పట్టుచున్నవో లేదో ప్రతి ఋతువునకు ముందు చూడవలెను. నాటుకూలీలను ట్రాలీలో నెక్కించుట మిక్కిలి అపాయకరము. 2018లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో పడి పదిమందికి పైగా కూలీలు మరణించిరి. వారిలో అధికులు స్త్రీలు. దమ్ములో మిగిల్చిన ఏ రూపాయియు అట్టి నష్టమును తీర్చజాలదు.

సంఘ సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ ఊరి అద్దె చొప్పున ఎన్ని గంటలు నడిచిన పాత ట్రాక్టరు గిట్టుబాటగును?

2. మీ ఇరుగుపొరుగు రైతులు కూడి కొన్నచో, ఎవరి పొలము ముందు, ఎవరిది వెనుక అను వరుసను ఎట్లు నిర్ణయింతురు? ఇది కొనకముందే వ్రాసికొనవలెను.

3. మీ ఊరిలో అమ్ముడుపోయియు పేరు మారని బండ్లెన్ని కలవు?

మూడవ ప్రశ్నకు సమాధానము దొరికిన ఊరివారు రాబోవు యాసంగికి ముందే రవాణాశాఖ కార్యాలయమునకు పోవుట మంచిది.